మా అత్త కోపం, మూడు మొర్రి చెట్లు

మా మేనత్త పోయిన పదో రోజున వాళ్ళ ఊరి మలుపు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఫొటోలో ఆమె ముఖాన్ని నున్నగా చేసి, నుదుటి గీతలన్నీ తుడిచేసి, పెదవుల చివర్లు కాస్త పైకి లాగి నవ్వించారు. కింద ఎర్రటి అక్షరాలతో 'శాంతమూర్తి' అని రాయించారు. ఖానాపూర్ బస్సు దిగి దాన్ని చూసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

శాంతమూర్తి అట. నేను ఎరిగినన్నాళ్ళలో ఆమె ఎవరినో ఒకరిని తిట్టకుండా పొద్దు గుంకనిచ్చింది లేదు. బస్సు ఆపని డ్రైవర్ని తిట్టేది. ఆపితే అంత దూరంలో ఎందుకు ఆపావని తిట్టేది. మా అమ్మ ఒకసారి కరివేపాకు రెబ్బ తుంచకుండా కొమ్మంతా విరిచిందని ఏడాది పాటు ఆమెతో మాట్లాడలేదు. అందులో న్యాయం ఉందని నేను అనను. చాలాసార్లు ఉండేది కాదు. కానీ బతికినన్నాళ్ళూ ఆమె కోపం చూసి మూతి తిప్పుకున్నవాళ్ళే, చచ్చాక ఆ కోపాన్ని ముఖం మీంచి తుడిచేస్తే ఇక ఆ ఫొటోలో మిగిలింది ఎవరు?

ఆమెకు కోపం వస్తోందని ముందే తెలిసిపోయేది. చేతిలో ఏది ఉంటే అది, చాయ్ కప్పో, కొడవలో, ఫోనో, ముందుగా జాగ్రత్తగా కింద పెట్టేది. దొర్లిపోకుండా నిలిచిందో లేదో చూసుకునేది. "గిన్నె ఏం పాపం చేసింది" అనేది. ఆ తర్వాత కొంగు నడుముకు దోపి అందుకునేది. ఆమె కప్పు కింద పెట్టిందంటే మా మామ తువ్వాల భుజాన వేసుకుని మెల్లగా అవతలికి జరిగేవాడు.

మా మామ మెత్తని మనిషి. ఎవరు ఏది అడిగినా "చూద్దాం తియ్యి బిడ్డ" అనేవాడు. ఆ మాటకు సరేనని అర్థం. అట్లా అని అని ఎడ్లను ఇచ్చాడు, నాగలి ఇచ్చాడు, తన పొలానికి పారాల్సిన నీళ్ళు పక్కవాడి పొలానికి వదిలాడు. వాటిని వెనక్కి తెచ్చుకునే పని మాత్రం మా అత్తది. ఆమె వెళ్ళి ఆ ఇళ్ళ ముందు నిలబడి అరిచేది. ఊరంతా ఆయన్ని దేవుడనేది. ఆ దేవుడికి ఇట్లాంటి గయ్యాళి దొరికిందేమిటని జాలిపడేది. ఆయన దేవుడిగా ఉండడానికి ఆమె ఎంత గయ్యాళిగా ఉండాల్సి వచ్చిందో ఒక్కరంటే ఒక్కరూ ఆలోచించలేదు.

ఆమెను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించి, మెట్‌పల్లి నుంచి గోదావరి అవతలికి ఆ ఊరి కోడలిగా పంపారు. పిల్లలు కలగలేదు. ఆమె కాపురానికి వెళ్ళిన కొత్తలో ఊరి వెనక గుట్ట నిండా మొర్రి చెట్లుండేవట. ఎండాకాలంలో చిన్న చిన్న పండ్లు కాస్తాయి. పైన పులుపు కలిసిన తియ్యటి గుజ్జు, లోపల రాయిలాంటి గింజ. ఆ గింజను పగలగొడితే వచ్చేదే మనం పాయసంలో వేసుకునే సారపప్పు. పండు నల్లబడి దానంతట అది రాలేదాకా ఆగితేనే గింజలో పప్పు నిండుతుంది. కానీ ఎవరూ ఆగరు. నేను ఆగితే పక్కవాడు తెంపుకుపోతాడని ఒకడు పచ్చివే తెంపుతాడు. వాడికన్నా ముందు తెంపాలని ఇంకొకడు ఇంకా ముందే గుట్టెక్కుతాడు. ఒక్కొక్క పండు ఏరే ఓపిక లేక గొడ్డలితో కొమ్మలే నరికి, ఇంటికి ఈడ్చుకొచ్చి, నీడన కూర్చుని దూస్తారు. నాకు ఊహ తెలిసేసరికి గుట్ట సగం బోడి అయిపోయింది.

"పండేదాక ఆగని నోటికి పప్పెందుకు?" అనేది అత్త. సెలవులకు వెళ్ళినప్పుడల్లా నేను విన్న మాట ఇది. కొమ్మలు ఈడ్చుకుంటూ దిగేవాళ్ళ దారికి అడ్డంగా నిలబడి మరీ అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. గుట్ట ఏమన్నా మీ అత్తదా అని ఒకతను అడిగాడు. "మా అత్తదైతె నేనే నరుకుదును" అంది.

తిట్టి లాభం లేదనుకుందేమో, ఒక ఏడు తానే పెంచడానికి పూనుకుంది. గుట్ట మీద రాలిన నల్లటి పండ్లను ఏరుకొచ్చి, నానబెట్టి, గుజ్జంతా రుద్ది కడిగింది. ఒక్కో గింజను రాతి మీద నిలబెట్టి, చిన్న రాయితో పెంకు చిట్లేటంత మాత్రమే కొట్టింది. కాస్త గట్టిగా కొడితే పప్పు చితికిపోతుంది, కొట్టకపోతే మొలక బయటికి రాలేదు. తొలకరి పడగానే పొలం గట్టు వెంబడి నాటింది. మొలిచినవి కొన్నే. వాటిలో కొన్నిటిని మేకలు తిన్నాయి, కొన్నిటికి చెదలు పట్టాయి. బతికినవాటి చుట్టూ తుమ్మ కంప పాతి, మొదళ్ళలో బూడిద పోసి, ఎండాకాలం కుండ అడుగున బెజ్జం పెట్టి పక్కన పాతిపెట్టింది. నీళ్ళు మోసేది మామ. ఎక్కడ ఎన్ని పోయాలో వెనక నుంచి అరిచేది ఆమె.

అన్నిటికన్నా పెద్ద గండం నిప్పు. పత్తి అయిపోయాక రైతులు కట్టెకు నిప్పు పెడతారు. గాలి తిరిగితే గట్టు మీది మొక్కలు ఒక్క క్షణంలో మాడిపోతాయి. ఆ రోజుల్లో ఆమె తడి గోనెసంచి చేతబట్టుకుని పొలం చుట్టూ తిరిగేది. పక్క పొలం అతను మొండివాడు. ఒకసారి ఇంకా ఆమె అక్కడ నిలబడి ఉండగానే నిప్పు పెట్టాడు. ఆమె కదల్లేదు. మంట గట్టు దాకా వచ్చింది, చీర అంచు మాడింది, గోనెసంచితో బాదుతూనే అతని ఏడు తరాలనూ వరసపెట్టి తిట్టింది. అతనే చివరికి బకెట్లతో నీళ్ళు తెచ్చి పోశాడు. మొర్రి మొక్క మొదట్లో పైకి పెరగదు, వేరును లోతుకు పంపుకుంటూ ఏళ్ళకేళ్ళు మోకాలెత్తునే ఉంటుంది. మామ వాటిని చూసి, ఇవి గిడసబారినట్టున్నాయి, తీసేద్దామా అని ఒకసారి మెల్లగా అన్నాడట. దాని తర్వాత ఆయన రెండు పూటలు బయటి అరుగు మీదే తిన్నాడు.

చివరికి మూడు చెట్లు నిలబడ్డాయి. కాపుకొచ్చాక ఆమె పెట్టిన చట్టం ఒకటే. ఎవరూ చెయ్యి ఎత్తి తెంపకూడదు, రాలిందే ఏరుకోవాలి. కింద పాత చీరలు పరిచేది. ఎండాకాలమంతా గట్టు మీదే కాపలా. రాలిన పండ్లను అడిగినవాళ్ళకల్లా పెట్టేది. ఊళ్ళో ఎవరింట్లో పాయసం వండినా గుప్పెడు సారపప్పు తీసుకుపోయి ఇచ్చేది, ఇస్తూ ఇస్తూ ఆ ఇంటివాళ్ళు గుట్ట మీద నరికిన కొమ్మల సంగతి ఎత్తి తిట్టి వచ్చేది. పప్పు తిన్న నోళ్ళే ఆమెకు 'మొర్రి దొరసాని' అని పేరు పెట్టాయి.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, అత్తకు తమ్ముడైన మా బాపు నాకు సంబంధం చూశాడు. హుస్నాబాద్ దగ్గరి వాళ్ళు, మంచి కుటుంబం. పరీక్షలకు ముందే పెళ్ళి చేసెయ్యాలని మాట. వాళ్ళు మెట్‌పల్లిలో మా ఇంటికి వచ్చే రోజు అత్తకు చెప్పొద్దని బాపు గట్టిగా అన్నాడు, ఆమె నోరు అందరికీ తెలిసిందే కదా. కరివేపాకు కొమ్మ విషయంలో ఏడాదిగా ఆమె మాట్లాడని మా అమ్మే చాటుగా ఫోన్ చేసింది.

పెళ్ళివారికి పలహారాలు పెడుతున్నప్పుడు అత్త గుమ్మంలోకి వచ్చింది. చేతిలో బట్ట సంచి. లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి, గ్లాసును జాగ్రత్తగా కింద పెట్టింది. బాపు లేచి నిలబడ్డాడు.

ఆమె అరవలేదు. సంచిలోని గింజలను స్టీలు పళ్ళెంలో పోసి, వంటింట్లోంచి చిన్న రాయి తెచ్చి పక్కన పెట్టి, పెళ్ళివారిలో పెద్దాయన ముందుకు జరిపింది. ఆ ఉదయం ఊళ్ళో ఎవరి వాకిట్లోనో లాక్కున్న గింజలవి. పచ్చి కొమ్మలు నరికి దూసినవి.

"తినుండ్రి. సారపప్పు" అంది.

మర్యాదకు ఆయన ఒకటి పగలగొట్టాడు. మరొకటి పగలగొట్టాడు. పెంకు లోపల నీళ్ళలాంటి తెల్లటి పొర తప్ప ఏమీ లేదు. ఇంకొకటి కూడా అంతే.

"గిందుల పప్పు లేదమ్మా" అన్నాడు.

"ఉండది. పచ్చిగున్నప్పుడె తెంపిండ్రు గద" అంది అత్త. తర్వాత బాపు వైపు తిరిగింది. "నన్ను గూడ గట్లనే తెంపిండ్రు తమ్మీ. అప్పుడు నువ్వు చిన్నోనివి, నీకు ఎర్కలేకుండె. ఇప్పుడు ఎర్కైంది. గీ పిల్లను ముట్టకు."

పెద్దాయన మంచివాడు. పరీక్షలు కానియ్యండి, తర్వాత చూసుకుందామని చెప్పి అందరినీ లేవదీశాడు. ఆ తర్వాత వాళ్ళు రాలేదు. బాపు చాలా ఏళ్ళు అక్క గడప తొక్కలేదు.

ఇది చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు, ఎంత ప్రేమో మీ అత్తకు అంటారు. ప్రేమ సంగతి నాకు తెలియదు. ఆ రోజు వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె నన్ను తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ గుర్తే. పట్టుచీర కట్టి తల వంచుకుని కూర్చున్నందుకు తిట్టింది. "ముందుగాల కాదనాల్సింది నువ్వు. నోరు దాచిపెట్టుకుంటె దానికేమన్న పూలు పూస్తయా?" అంది. బస్టాండ్‌లో దిగబెట్టడానికి వెళ్తే అక్కడ కండక్టర్‌తో ఇంకో గొడవ. నేను ఫార్మసీ చదివి, కరీంనగర్‌లో మందుల దుకాణం పెట్టాక కూడా వచ్చినప్పుడల్లా కౌంటర్ పక్కన కూర్చుని, బీపీ మాత్రలు మధ్యలో మానేసిన కస్టమర్లను తిట్టేది. వాళ్ళు మాత్రం మళ్ళీ నా దుకాణానికే వచ్చేవాళ్ళు.

కొన్నేళ్ళ కింద వానాకాలంలో పొలం గట్టు మీద జారి పడి ఆమె తుంటి ఎముక విరిగింది. మామ అన్న కొడుకు శ్రీధర్ తన కారులో కరీంనగర్ తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్పించాడు. శ్రీధర్ చెడ్డవాడు కాదు. ఈ మాట నేను పళ్ళు కొరుక్కుంటూ చెప్తున్నాను. మామకు వయసు మీద పడ్డాక ఆ పొలం అతనే చేస్తున్నాడు, కష్టపడతాడు, పెద్దల ముందు గొంతెత్తడు. ఆపరేషన్ అయ్యాక అత్త కొన్ని వారాలు నా ఇంట్లోనే ఉంది. రోజూ సాయంత్రం మామకు ఫోన్ చేసి, చెట్లు ఎట్లున్నాయని అడిగేది. మంచిగున్నాయని చెప్పేవాడు. ఎండు కొమ్మలు ఏమైనా విరిగాయా అని అడిగితే, ఏం లేదు, నీకు ఫికర్ వద్దు అనేవాడు.

ఆ మాట చెప్పేనాటికి చెట్లు లేవు.

నేనే ఆమెను వెనక్కి తీసుకెళ్ళాను. కారు ఊరి మలుపు తిరగగానే, నేను చూడక ముందే, ఆమె చూసింది. గట్టు మీద ఆకాశం ఖాళీగా ఉంది. పొలం వెంట కారు ఆపించింది. వాకర్ పట్టుకుని దిగి, మొదళ్ళ దాకా నడిచింది. రంపపు కోత నున్నగా ఉంది, దాని మీద జిగురు కారి గడ్డకట్టింది.

శ్రీధర్ వచ్చి నెమ్మదిగా సర్దిచెప్పాడు. ఆయిల్ పామ్ వేస్తున్నామని, వరసలకు ఎండ కావాలని, పైపుల కాలువ సరిగ్గా ఆ గట్టు మీంచే పోవాలని చెప్పాడు. మూడు చెట్లే కదా అన్నాడు. "చిన్నబాపును అడిగిన చిన్నమ్మా. అడగకుండ చెయ్యలే" అన్నాడు.

ఆమె మామ వైపు చూసింది. ఆయనకు అవతలికి జరగడానికి చోటు లేదు, వెనక కాలువ తవ్వి ఉంది.

"అడిగిండా?"

"అడిగిండు."

"ఏమన్నవ్?"

మామ నేల చూశాడు. "చూద్దామన్న" అన్నాడు.

"జన్మల ఒక్కపారి కాదంటె నీదేం పోతుండె?"

ఆయన ఏడ్చాడు. అప్పటికి పదిమంది పోగయ్యారు. ఆడవాళ్ళు వచ్చి ఎవరిని ఊరుకోబెట్టారు? మామను. ముసలాయన్ని అందరి ముందు ఏడిపిస్తుంది చూడు అన్నారు. చెట్లదేముంది, పోనియ్యి అన్నారు. విరిగిన తుంటితో మొదలు పక్కన నిలబడ్డ మనిషి భుజం మీద ఒక్క చెయ్యి పడలేదు. మెత్తనివాళ్ళంటే లోకానికి ఎందుకింత ముద్దో నాకు ఆ రోజు తెలిసింది. వాళ్ళ వల్ల ఎవరి పనీ ఆగదు. గొడ్డలి పని కూడా.

ఆమె పంచాయతీకి వెళ్ళి అరిచింది. సొంత పొలంలో చెట్లు, ఇంటాయనే ఒప్పుకున్నాడు, మేమేం చేస్తామన్నారు. శ్రీధర్ ఇంటి ముందు అరిచింది. అతను తల వంచుకుని విన్నాడు, పని ఆపలేదు. కాలువ తవ్వడం అయిపోయింది, పామ్ మొక్కలు వచ్చాయి. ఆ గట్టు చివర, పైపులు మలుపు తిరిగే చోట, కొంచెం మూల మాత్రం మిగిలింది.

మరుసటి ఎండాకాలం ఆమె మామను గుట్ట ఎక్కించింది. తాను ఎక్కలేకపోయింది కాబట్టి కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. మిగిలిన పాత చెట్ల కింద రాలినవి మాత్రమే ఏరుకొచ్చేదాకా దిగనివ్వలేదు. మళ్ళీ నానబెట్టడం, కడగడం, పెంకు చిట్లగొట్టడం. ఈసారి అన్నీ ఆయన చేత చేయించింది. తొలకరికి ఆ మూలలో నాటించింది. శ్రీధర్ డ్రిప్ పైపు ఇటు కలుపుతానన్నాడు. అక్కర్లేదంది. బోరు దగ్గర్నుంచి రెండు బకెట్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మామే మొయ్యాలి. డెబ్బై దాటిన మనిషి చేత ఈ పనేమిటని ఊరు మళ్ళీ ఆమెను ఆడిపోసుకుంది. ఆయన ఆయాసపడి బకెట్ దించితే ఆమె కుర్చీలోంచి అనేది, "చూద్దామంటివి గద. ఇగ రోజు చూడు."

ఆయన చూశాడు. ఎండలో వానలో చూశాడు. అది శిక్షో మరొకటో నేను చెప్పలేను. ఒకసారి నేను వెళ్ళినప్పుడు ఆయన ఒక మొక్క పక్కన గొంతుకూర్చుని, చెదపుట్టను పుల్లతో గీకుతూ, ఆకు వెనక పురుగుందా అని తిప్పి చూస్తున్నాడు. వెనక నుంచి ఆమె, ఆ పక్కది కూడా చూడు, కండ్లు కనబడ్తలేవా అని అరుస్తోంది. ఆ మొక్కలు కాపుకొచ్చేదాకా తాను ఉండనని ఆమెకు తెలుసు. అందుకు కూడా కోపంగానే ఉండేది.

పోయిన చలికాలంలో పాలలో నీళ్ళు కలిపావని పాలతన్ని తిట్టి, అలసటగా ఉందని పడుకుని, మళ్ళీ లేవలేదు.

పదో రోజు భోజనాలయ్యాక పందిరి కింద పెద్దలు కూర్చున్నారు. శ్రీధర్ వచ్చి మామ పక్కన కూర్చుని, అందరూ వింటుండగా ఎంతో మర్యాదగా అడిగాడు. చిన్నమ్మ ఉన్నన్నాళ్ళు మేం ఏమీ అనలేదు, ఇక ఆ మూల కూడా సాపు చేస్తే రెండు వరసలు పూర్తవుతాయి, నీకు కూడా నీళ్ళు మోసే బాధ తప్పుతుంది చిన్నబాపూ అన్నాడు. పెద్దలు తలలూపారు.

మామ నేల చూశాడు. "చూద్దాం తియ్యి బిడ్డ" అన్నాడు.

నేను లేచాను. "చూద్దాం కాదు మామా. వద్దని చెప్పు. అందరు ఇంటున్నరు, ఇప్పుడే చెప్పు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఒక పెద్దాయన, ఇది మా ఇంటి ముచ్చట, నీకెందుకమ్మా అన్నాడు. చావుకు వచ్చి కొట్లాట ఏంటని ఇంకెవరో అన్నారు.

మామ తలెత్తాడు. ఏడవలేదు.

"నాకు కాదనుడు రాదు బిడ్డ. మొదటిసంది గా పని ఆమెనే చేసింది. నీళ్ళు పోసుడు ఒక్కటే నాకు తెలుసు" అన్నాడు. తర్వాత శ్రీధర్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకోపారి నన్ను అడగకు శ్రీధర్. గీ పిల్లనడుగు. ఈమె ఏమంటె గదే నా మాట."

అందరూ మెచ్చుకోలుగా చూశారు ఆయన్ని. నాకు మాత్రం కోపం నెత్తికెక్కింది. ఇప్పుడు కూడా, ఆమె బూడిద నీళ్ళలో కలిసిన తర్వాత కూడా, ఆ బరువు తీసి ఇంకో ఆడదాని నెత్తిన పెట్టాడు. ఆ ఒక్క మాట ఆయనే అని ఉంటే ఎంత బాగుండేది. అందుకు ఆయన్ని నేను ఇంకా క్షమించలేదు. కానీ ఆయన కాదనడం నేర్చుకునేదాకా మొక్కలు ఆగవు.

"ముట్టకు బావా" అన్నాను శ్రీధర్‌తో.

"జర ఆలోచించు. గంత పెద్ద పంట ముందట..."

"ఆలోచించిన. ముట్టకు. ఎల్లుండి వచ్చి కంచె ఏపిస్త. కంచె లోపల ఒక్క మొక్క వాడినా మల్ల వస్త, మీ ఇంటి ముందటికే వస్త."

శ్రీధర్ లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మామ అప్పటికే రెండు బకెట్లు తీసుకుని బోరు వైపు నడుస్తున్నాడు, సాయంత్రపు నీళ్ళ వేళ అయింది. పందిరి కింద ఎవరో గొంతు తగ్గించి, ఆమె పోయింది, ఇగ ఇంకొకతె తయారైంది అన్నారు.

ఎవరన్నారని వెనక్కి తిరిగి అడిగాను.